కుడిపక్క సీటు

ఆ జీపులో కుడిపక్క సీటు నాది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. బండి రైసు మిల్లు యజమానిది, పెట్రోలు ఆయనది, సీటు ఒక్కటీ నీదెలా అయిందని అడుగుతారు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

అది యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వేలం వేసిన జీపు. స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన రోడ్ల మీద ఎడమపక్కన నడుస్తాం కాబట్టి, ముందు లారీ పోతూ ఉంటే అటు కూర్చున్న డ్రైవరుకి ఎదురుగా ఏమొస్తోందో కనబడదు. కుడిపక్కవాడు మెడ చాపి చూసి చెప్పాలి. ఆరేళ్లపాటు మిల్లు యజమానికి ఆ కళ్లు నావి. శ్రీకాకుళం, పాలకొండ, పార్వతీపురం, ధాన్యం ఎక్కడుంటే అక్కడికి తిరిగాం. కొన్నాళ్లకు నోటితో చెప్పడం కూడా మానేశాను. ముందున్న రేకు మీద ఎడమచేత్తో ఒకసారి తడితే పోనిమ్మని, రెండుసార్లు తడితే ఆగమని. ఆయన నావైపు చూడకుండానే లారీని దాటేసేవాడు. అంతగా నన్ను నమ్మిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు.

ఎడమచేత్తో అన్నాను కదా. నేను పుర్రచేతివాణ్ణి. అన్నం కుడిచేత్తో తినమని మా అమ్మ కొట్టి నేర్పింది. స్పానరు పట్టడం ఎవరూ కొట్టి నేర్పలేదు కాబట్టి అది ఎడమచేతికే వచ్చింది.

అరవైల చివర, ఒక ఏడాది వానలు వెనకబట్టాక, యజమాని పేపరు పట్టుకుని విజయనగరంలో మిల్లు వెనక ఉన్న మా షెడ్డులోకి వచ్చాడు. కలకత్తాలో బయలుదేరి, ఒరిస్సా అడవుల్లో తిరిగి, సాలూరు ఘాటు దిగి, మా ఊరి మీదుగా మద్రాసు చేరే మోటారు పందెం అది. జోరుగా పోతే గెలిచినట్టు కాదు. చెప్పిన చోటికి చెప్పిన వేళకి, బండి విరక్కుండా చేరాలి. బండికి ఇద్దరే మనుషులు.

"ఏటిరా, మన బండి తట్టుకుంటాదా?" అన్నాడు.

"ఇప్పుడున్నట్టయితే కొండ దిగదు బాబూ. రెండు నెల్లు నాకు ఒగ్గీండి. అప్పుడు సెప్తాను."

"ఒగ్గీసినాను. స్టీరింగు నాది, కుడిపక్క నువ్వు. సరేనా?"

ఆయన అన్నది అక్షరం పొల్లుపోకుండా ఇదే. బాయిలరు కాసే ముసలాయన అక్కడే ఉన్నాడు. రేపు ఆ మాట అనలేదంటే సాక్ష్యానికి పనికొస్తాడని అప్పుడే గుర్తుపెట్టుకున్నాను. తర్వాత యజమాని ఆ మాట అనలేదని అనలేదు, మర్చిపోయానన్నాడు. అది ఇంకా అన్యాయం.

రెండు నెలలు నేను ఇంటికి నిద్రకే వెళ్లాను. స్ప్రింగు కట్టల్లో ఒక్కో పట్టీ అదనంగా వేసి, గోనెపట్టాని గ్రీజులో నానబెట్టి వాటికి చుట్టి, దాని మీద కాన్వాసు కుట్టాను, దుమ్ము దూరి పట్టీలు అరక్కుండా. ఇంజను కింద రాళ్లు కొట్టకుండా పాత బాయిలరు రేకు కోసి అడ్డు బిగించాను. రేడియేటరు ముందు మిల్లు జల్లెడ ముక్క అమర్చాను. వాగుల్లో ఇంజనులోకి నీళ్లు పోకుండా గాలి గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకి లేపాను. రెండు స్టెప్నీ చక్రాలు కట్టడానికి భోగాపురం పక్క సముద్రపు పల్లెకి వెళ్లి, తెప్పలు కట్టే తాడు తెచ్చి, ఆ ముడి కూడా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. అలలకి వదలని ముడి గతుకులకి వదలదు.

అన్నిటికన్నా నేను ప్రాణం పెట్టింది కుడిపక్క సీటు మీద. దాని కింద అదనపు పెట్రోలు టాంకు పెట్టాలి. టాంకు అడుగునుంచి రాగి గొట్టం బయలుదేరే చోట ఒక నట్టు ఉంటుంది. దాని మరకి నూలుదారం చుట్టి, ఉతుకు సబ్బు రాసి బిగించాను. పెట్రోలుకి సబ్బు కరగదు. ఆ నట్టుని ఒకసారి బిగిస్తే మళ్లీ ముట్టుకోకూడదు. కదిపితే దారం తెగుతుంది, సబ్బు పగులుతుంది, కొత్తగా చుట్టుకోవలసిందే. సీటుని నా వీపుకి కొలిచి కొబ్బరిపీచు కూరాను. టాంకు కుళాయి, స్పానర్ల సంచీ, నీళ్ల తిత్తి, అన్నీ నా ఎడమచేతికి అందేలా పెట్టాను. పని అయ్యాక అందులో కూర్చుని, కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాను. ఏదీ వెతుక్కోనక్కర్లేకుండా దొరికింది.

అప్పుడు మా బావ వచ్చాడు.

మా అప్ప మొగుడు. మావైపు అక్కని అప్ప అంటాం. లారీలకి పేర్లూ పువ్వులూ రాసే పెయింటరు. ఎనిమిదో క్లాసు దాకా చదివి ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా రాస్తాడు. జుట్టు వెనక్కి దువ్వుతాడు. చేతికి గడియారం ఉంటుంది. అది పెళ్లికి మా నాన్న పెట్టిన గడియారం. కన్నకొడుకుని, నాకు మా నాన్న తిరునాళ్ల బొమ్మ గడియారం కూడా కొనలేదు. జీపు మీద పందెం నంబరు రాయడానికి యజమాని ఆయన్ని పిలిపించాడు. ఒక పూట పని. ఆయన నాలుగు రోజులు చేశాడు.

"బావమర్దీ, ఈ బండికి లోపలంతా నువ్వు, పైనంతా నాను," అన్నాడు బ్రష్షు కడుక్కుంటూ. "సూసీవోడు పైనే సూస్తాడు. ఏటి సేస్తాం."

యజమాని నవ్వాడు. రెండు నెలల్లో నా దగ్గర ఆయన అలా నవ్వలేదు. నేను చెప్పిందంతా పట్టీలూ నట్లూనే, నవ్వడానికేముంది. ఆ సాయంత్రం యజమాని నాకు పంపే టీ మా బావకి ముందు ఇచ్చారు. నాది చల్లారిపోయింది. చిన్న సంగతే. కానీ నాకు గుర్తుంది.

తర్వాత బండిని కొండదారిలో నడిపి చూడటానికి సాలూరు వెళ్లాం. "నువ్వు ఎనక కూకోరా, స్ప్రింగులు ఎలాగున్నాయో సూడు. మీ బావ టైము రాస్తాడు," అన్నాడు యజమాని. అలా నా సీటులో మా బావ కూర్చున్నాడు. మానాపురం దాటాక ముందు గడ్డిలారీ. మా బావ మెడ చాపి చూసి, జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకుని, అప్పుడు "పోనీండి బాబూ" అన్నాడు. ఎదురుగా బస్సు వచ్చింది. ఇద్దరి మధ్యనుంచి చెయ్యి దూర్చి రేకు మీద రెండుసార్లు కొట్టింది నేను. యజమాని బ్రేకు వేశాడు. బస్సు వెళ్లిపోయాక మా బావ వెనక్కి తిరిగి, "నీకు ఎనకనుండి కూడా కనబడతాది, మరి ముందు సీటెందుకురా" అన్నాడు. యజమాని మళ్లీ నవ్వాడు.

సీటు పోయిన సంగతి నాకు యజమాని చెప్పలేదు. మా అప్ప చెప్పింది. ఒకరోజు అన్నానికి వెళితే, చేపల పులుసు వడ్డిస్తూ ముఖం వెలిగిపోతూ అంది. "మీ బావ ఫొటో తీయించుకున్నాడ్రా. పందెం కాయితానికి అంటించాలంట. మిల్లు బాబు పక్కన ఈయనే ఎల్తాడంట. నీకు తెల్దేటి?"

"తెల్సు," అన్నాను. పులుసు రుచి తెలియలేదు.

మర్నాడు యజమానిని అడిగాను.

"అదికాదురా. దారి పుస్తకం ఇంగ్లీషులో ఇస్తారంట. మైలు మైలుకీ టైము సూసుకోవాల. నీకు సదువు రాదు గదా."

"ముందే సెప్తే రెండు నెలల్లో అంకెలైనా నేర్సుకుందును గదా బాబూ. కుడిపక్క నువ్వేనన్నారు."

"అన్నానేటి? మర్సిపోనానురా," అన్నాడు. నిజంగానే మర్చిపోయిన ముఖం. ఆ ముఖం చూశాక నాకు బాయిలరు ముసలాయన్ని పిలవాలనిపించలేదు.

మూడు రోజులు పనిలోకి వెళ్లలేదు. నాలుగోనాడు పార్వతీపురంనుంచి ఇంకో మెకానిక్కుని పిలిపిస్తున్నారని తెలిసింది. నేను చుట్టిన దారాన్ని ఇంకొకడు విప్పడమా. వెళ్లాను. ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు. అది కూడా గుర్తుంది.

బయలుదేరే ముందు మంగళవారం పైడితల్లమ్మ గుడి దగ్గర జీపుకి పూజ. యజమాని తల్లి వచ్చింది. పెద్దావిడ మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. నిమ్మకాయల దండ నా చేతికిచ్చి ముందు కట్టమన్నారు. నేను అలవాటు చొప్పున ముడి వేస్తూ ఉంటే ఆవిడ దగ్గరకొచ్చింది.

"ఒరే, ఏ సేత్తో కడతన్నావురా?"

చెయ్యి ఆగిపోయింది.

"పుర్రసేతోడమ్మా," అన్నాడు యజమాని. "పనోడు మంచోడే."

"ఈ బండంతా ఆ సేత్తోనే బిగించినాడేటి?"

ఆవిడ ఒక్కసారి బండిచుట్టూ తిరిగింది. "అలగైతే కుడిసేతోడి సేత ఇప్పించి మళ్లీ బిగించండి. అన్నీ కాపోతే పదకొండు. అంతదూరం ఎల్లీ బండికి ఎడంసేతి బిగువేటి?"

మా వైపు కొన్ని ఇళ్లల్లో ఇది ఉంది. పుర్రచేతివాడు కట్టిన తోరణాన్ని కుడిచేత్తో ఒకసారి ముట్టుకుని సర్దుతారు. పెళ్లిపందిట్లో చూశాను. జీపుకి చేయడం ఎక్కడా చూడలేదు.

స్పానరు మా బావ చేతికిచ్చారు. ఆయన గడియారం పైకి జరుపుకుని, దాన్ని కళ్లకద్దుకుని మొదలుపెట్టాడు. ఒక్కొక్క నట్టూ అర చుట్టు వదులు చేయడం, మళ్లీ బిగించడం. పెద్దావిడ లెక్కపెడుతోంది. చక్రాలవి నాలుగు. వాటికి నష్టం లేదు. అద్దానివి రెండు, అడ్డురేకువి మూడు. వాటికీ నష్టం లేదు. గుడికొచ్చినవాళ్లు గుమిగూడి చూస్తున్నారు. నేను దండ ఒక కొస పట్టుకుని నిలబడ్డాను. నా రెండు నెలల పనిని నా కళ్లముందే, నా చెయ్యి మంచిది కాదని, మా నాన్న పెట్టిన గడియారం కట్టుకున్న చెయ్యి విప్పుతోంది.

పదోది నీళ్లతిత్తి కొక్కెం. పదకొండోదానికి మా బావ సీటు కిందకి వంగాడు.

స్పానరు ఎక్కడ పట్టిందో చూశాను. టాంకు అడుగు నట్టు. బావా అది ఒగ్గేయ్, అనాలి. నోరు తెరిచాను కూడా. అప్పుడే ఆయన కిందనుంచి, "ఇదేటి ఇలగ బిగించీసినాడు, పుర్రసేతికి ఎంత బలమో సూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. నేను నోరు మూసుకున్నాను. నట్టు అర చుట్టు వదులైంది, మళ్లీ బిగిసింది. టాంకు అప్పుడు ఖాళీ. బరువెందుకని కలకత్తా వెళ్లాకే నింపుదామనుకున్నారు. కాబట్టి చుక్క కూడా కారలేదు.

వంగినవాడు లేస్తూ నావైపు చూశాడు. నేను దండవైపు చూశాను.

జీపు వెళ్లిపోయాక మిల్లులో పనిలేదు. నన్ను నేను ఇలా సమాధానపరచుకున్నాను. కారితే కారుతుంది, దారిలో పెట్రోలు అయిపోతుంది, పందెంలో వెనకబడతారు. అప్పుడు యజమాని నన్ను తలుచుకుంటాడు. అంతే నేను కోరుకున్నది. అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికి రోజూ కష్టపడ్డాను.

పందెం బండ్లు సాలూరు ఘాటు దిగే రోజుకి ముందురోజు మా అప్ప ఇంటికి వెళ్లాను. బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది.

"బీడీ కట్టలు ఇరవై అట్టుకెళ్లాడ్రా మీ బావ," అంది. "అడివిలో దొరకవని. సీటు కింద ఏటో డబ్బా ఎట్టినావంట గదా, వేడెక్కుతాదేటి? కూకుంటే కాల్తాదేమో పాపం."

ఆవిడ నవ్వుతూ అంది. మా బావ నిద్రలో తప్ప బీడీ ఆపని మనిషి. నేను లేచి నిలబడ్డాను.

"అన్నం తినవేటి?"

"పనుంది అప్పా."

నూలుదారం ఉండ, ఉతుకు సబ్బు బిళ్ల, స్పానరు జేబుగుడ్డలో మూటకట్టి మర్నాడు మొదటి బస్సుకి సాలూరు వెళ్లాను. అక్కడినుంచి ఘాటు చివరి మలుపుదాకా నడిచాను. కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలైన రోజులు. ఆ మలుపు దగ్గర కాపలా ఉన్న పోలీసు ఆపి మూట విప్పించాడు. సబ్బు చూసి, "స్నానానికి ఇంతదూరం వొచ్చినావేటి?" అన్నాడు. మామూలప్పుడైతే ఆ మాటకి వాడితో తగువు పడేవాణ్ణి. అప్పుడు తలూపాను.

కల్వర్టు మీద కూర్చున్నాను. ఒక్కొక్క బండే దిగుతోంది. పెద్ద పెద్ద కార్లు, మద్రాసువాళ్లవి, కలకత్తావాళ్లవి. దిగినదాన్నల్లా చూసి మాది కాదనుకోవడం, ఆ తర్వాత పైన కొండలో ఎక్కడైనా పొగ లేస్తోందేమోనని చూడటం. రెండు నెలలు ఆ సీటులో నన్నే చూసుకున్నాను. ఆ పూట మాత్రం అందులో మా అప్ప మొగుణ్ణి చూస్తే చాలనిపించింది. అలా అనిపించినందుకు కూడా ఆయన మీదే కోపం వచ్చింది.

ఎండ బాగా ఎక్కాక మా జీపు వచ్చింది. గొట్టం, జల్లెడ, రెండు చక్రాలు, అన్నీ ఉన్నాయి. ముడి వదల్లేదు. మా బావ సీటులో లేడు. వెనక స్టెప్నీ చక్రాల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, జుట్టు ఎర్రదుమ్ము. నన్ను చూసి యజమాని బ్రేకు వేశాడు. పెట్రోలు వాసన నాకంటే ముందు పోలీసుకి తగిలింది, దూరం జరిగాడు.

"మూడ్రోజులనుండి కారుతున్నాదిరా," అన్నాడు యజమాని. అంత నీరసంగా ఆయన మాట్లాడటం నేను వినలేదు. "గుడ్డలు కట్టినాం. బిగించినకొద్దీ ఎక్కువవుతున్నాది. నువ్వెలాగొచ్చినావు?"

"బీడీ?" అన్నాను మా బావని.

"నట్టు కారినకాణ్ణించి ముట్టలేదు. ఇరవై కట్టలూ అడివోళ్లకి ఇచ్చీసినాను," అన్నాడు.

సీటు ఎత్తాను. నేను కూరిన పీచంతా తడిసి ముద్దయి ఉంది. టాంకులో కొంచెమే మిగిలింది. అది పారబోస్తే మళ్లీ పెట్రోలు దొరికేదాకా బండి వెళ్లదు. నట్టు విప్పితే రంధ్రం ఎవరైనా మూసిపెట్టాలి. యజమాని రాబోతే మా బావ ఆపి, "మీకు స్టీరింగుంది బాబూ" అని తన కుడిచేతి బొటనవేలు ఆ రంధ్రానికి అదిమాడు. నేను పాత దారం గీకి, కొత్త దారం ఎడమచేత్తో చుట్టాను. చేతులు రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. పెట్రోలు చల్లగా మా ఇద్దరి మోచేతులదాకా కారుతోంది. గడియారం అద్దంలోపలికి కూడా వెళ్లింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టలేదు. మా పక్కనుంచి మూడు బండ్లు దాటిపోయాయి. యజమాని ఒక్కొక్కదాన్నీ చూసి తల దించుకున్నాడు.

సబ్బు రాసి నట్టు బిగించాను. తుడిచి చూశాం. కారలేదు.

యజమాని నీళ్లకోసం పోలీసు దగ్గరకి వెళ్లినప్పుడు మా బావ సీటు సర్దుతూ, తల ఎత్తకుండా, మెల్లగా అన్నాడు.

"ఆవేళ గుడికాడ నాను ఇప్పుతుంటే నువ్వు సూసినావు."

నేను స్పానరు తుడిచి మూటలో పెట్టాను.

"నోరు తెరిసి మూసీసినావు. నాను సూసినాను."

"నువ్వు నవ్వించినావు," అన్నాను. నాకు దొరికిన జవాబు అదొక్కటే.

"నిజమే," అన్నాడు. తర్వాత జీపు దిగి నిలబడి, "ఇజీనారం దాకా నువ్వు కూకో. నాను బస్సుకి వొస్తాను. ఇక్కడ ఎవడెక్కినాడో రాసుకునేవోడు ఎవడూ లేడు," అన్నాడు.

నా సీటు. తడిసినా నాదే. యజమాని నీళ్లు తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. ఎక్కితే ఊళ్లోకి ఆ సీటులో కూర్చుని వెళ్లేవాణ్ణి, మిల్లు ముందునుంచి, పెద్దావిడ ముందునుంచి. కానీ అది మా బావ ఇస్తే వచ్చిన సీటు అయ్యేది. "అక్కర్లేదు," అన్నాను. మా బావ రెండోసారి అడగకుండా ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలింది. ముందు ఎడ్లబండి అడ్డం వస్తే మా బావ మెడ చాపి, ఎడమచేత్తో రేకు మీద ఒకసారి తట్టడం నాకు వెనకనుంచి కనబడింది. నా గుర్తు అది. ఎవరు నేర్పారో తెలియదు.

మద్రాసు చేరారు. గెలవలేదు. మిల్లు ఆఫీసులో ఫొటో పెట్టారు. జీపు, యజమాని, మా బావ. ఆ ఫొటో కింద కూర్చునే నేను ఇంకా ఎన్నో ఏళ్లు హాజరు వేయించుకున్నాను.

ఇది నాకు జరిగిన అవమానాల్లో పెద్దది కాదు. పెద్దది ఆ తర్వాత మొదలైంది. చుట్టాలు ఎవరు వచ్చినా మా బావ ఈ కథ చెబుతాడు. అడవి, వాసన, ఇరవై బీడీ కట్టలు. చివర నావైపు చెయ్యి చూపిస్తాడు. "ఈడే, ఎవరూ పిలవకుండా ఒచ్చినాడు. ఈడి పుర్రసెయ్యి లేకపోతే నాను లేను." మా అప్ప కళ్లు తుడుచుకుని నా కంచంలో ఇంకో చేపముక్క వేస్తుంది. గుడి దగ్గర పదకొండో నట్టు సంగతి ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. మరిచిపోలేదని నాకు తెలుసు. ఆ చోటుకి రాగానే నా ముఖంలోకి ఒక్కసారి చూసి, దాటి వెళ్లిపోతాడు.

నన్ను చిన్నచూపు చూసినవాళ్లందరి మాటలూ నేను దాచుకున్నాను, తిరిగి ఇవ్వడానికి. ఈయన అననిదాన్ని ఏం చేసుకోను? ఆ మంచితనం కూడా ఆయనకే దక్కింది. ఒక్కసారి అందరిముందూ చెప్పేసి ఉంటే, నేను ఆయన్ని మనసారా ద్వేషించుకునేవాణ్ణి. చేపముక్క తింటూ, తల దించుకుని, ఈసారైనా చెబుతాడేమోనని చూస్తాను. చెప్పడు.